ముప్ఫయ్యో తూటా

గట్టు కట్టిన నలభై రెండో ఏడు, నూట నాలుగో రోజు

రైఫిల్‌కి తూటాలు అందించే మ్యాగజైన్లు మూడూ విప్పి, తుడిచి, మళ్లీ బిగించాను. స్ప్రింగులు బాగున్నాయి. తుప్పు లేదు. ఇంతవరకే రాయాలని రూలు. మ్యాగజైన్ల కాపరి రోజుకొక పుట నింపాలి, గుమస్తా వచ్చి సంతకం పెట్టాలి. అతను పుట నిండిందా లేదా చూస్తాడు గానీ దేంతో నిండిందో చూడడు. పోయిన ఏడాది నెల రోజులపాటు వంకాయ కూర ఎన్ని రకాలుగా వండొచ్చో రాశాను. అన్నిటికీ సంతకాలున్నాయి. కాబట్టి ఈ పుస్తకంలో నా నోటికి అడ్డులేదు.

మధ్యాహ్నం కోతమారి వచ్చింది. కోతమారి అంటే తెలియనివాళ్లు మా దగ్గర లేరు గానీ పుట నిండాలి కదా, రాస్తాను. ఎప్పుడో పెద్ద పొలాలు కోయడానికి చేసిన యంత్రాల మందలో ఒకటి అది. ఎండ తిని నడుస్తుంది. దానికి పని చెప్పినవాళ్లు పోయి మూడు తరాలైంది. పంట ఎక్కించాల్సిన రేవు సముద్రంలో మునిగి రెండు తరాలైంది. అయినా పచ్చగా కనబడిందల్లా కోసి, పొట్టలో వేసుకుని, ఆ మునిగిన రేవుదాకా నడిచివెళ్లి నీళ్లలో గుమ్మరించి వస్తుంది. ఎందుకు చేస్తున్నానని దానికి ఒక్కసారి కూడా అనుమానం రాలేదు. మా కమిటీలో కూర్చోవడానికి అన్ని అర్హతలూ ఉన్నాయి.

దాన్ని చంపాలంటే కన్ను పగలాలి. కన్నంటే జానెడు మందం గాజు. ఒకే చోట ఆపకుండా పాతిక తూటాల దాకా తగలాలి. మధ్యలో ఆగామా, ఇనపరెప్ప మూసేసుకుంటుంది.

గట్టుమీద కాపలా నాంచారుది. మా అందరిలో గురి కుదిరిన మనిషి ఆ అమ్మాయే. రూలు ప్రకారం రైఫిల్ ఖాళీగా, తూటాని గొట్టంలోకి తోసే బోల్టు మూసి ఉండాలి. మ్యాగజైన్ నడుముకి గుడ్డసంచిలో ఉండాలి. పదేళ్ల కిందట నిండు రైఫిల్ జారి పేలి ప్రెసిడెంటు గారి గేదె పోయింది. మనిషి పోయి ఉంటే ఈ రూలు పుట్టేది కాదు.

నాంచారు మ్యాగజైన్ తీసి కింద నుంచి తోసింది. అరచేత్తో కొట్టింది. బోల్టు లాగి వదిలి ఒక తూటా కాల్చింది. రెండోది పేలలేదు. చూస్తే మ్యాగజైన్ ఊడి కాళ్ల దగ్గర బురదలో ఉంది. తీసి కడుక్కుని మళ్లీ పెట్టేలోపు కోతమారి గట్టు తొక్కుకుని లోపలికి దిగి, సగం కొర్రచేను కోసుకుని, నింపాదిగా సముద్రం వైపు వెళ్లిపోయింది.

"ఎక్కినట్టే అనిపించింది బాబాయ్," అంది నాంచారు. ముఖం నిండా బురద. "చేతికి తెలిసింది, ఎక్కిందని."

"చేతికి తెలిసేదంతా నిజమైతే ప్రెసిడెంటు గారి మీసం కూడా నిజమే," అన్నాను. తను నవ్వలేదు.

నూట అయిదో రోజు

కమిటీ కూర్చుంది. ప్రెసిడెంటు పురుషోత్తం గారు మధ్యలో. పక్కన ఇంజనీరు శేషఫణి. ఇంజనీరంటే మరేం లేదు, వాళ్ల తాత దగ్గర ఒక మాన్యువల్ ఉండేది. చెదలు తినగా మిగిలినవి పదకొండు పుటలు. ఆ పదకొండూ పంపుసెట్టు గురించే.

"మణికట్టులో సత్తువ చాలలేదు," అని తేల్చాడు శేషఫణి.

"మీ పంపుసెట్టు చక్రం రోజూ తిప్పేది ఈ మణికట్టేనండీ," అంది నాంచారు.

"ఎదురు మాట్లాడకమ్మా. ఆడకూతురివని కమిటీ ఓపిక పడుతోంది," అన్నారు ప్రెసిడెంటు గారు.

"ఓపిక వద్దు పెదనాన్నా. ఎందుకు ఊడిందో చూడండి చాలు."

అప్పుడు నన్నడిగారు. "గరటయ్యా, మ్యాగజైన్లో లోపం ఏమైనా ఉందా?"

"లేదండి. మూడూ దివ్యంగా ఉన్నాయి," అన్నాను, నా పనితనం మీద గర్వంతో.

"విన్నావుగా. వస్తువులో లోపం లేనప్పుడు లోపం మనిషిదే," అన్నారాయన.

నా నోరు నేనే కోసుకోవాలనిపించింది. ఏడో తరగతి తప్పినవాణ్ణి, ఏ ప్రశ్న ఎటు తిరుగుతుందో ముందే చూసుకోవద్దూ.

తీర్మానం: నూట పన్నెండో రోజున అందరి ఎదుటా పరీక్ష. మళ్లీ మ్యాగజైన్ ఊడిందంటే నాంచారు ఇంటి తూటా వెనక్కిచ్చేస్తారు. తూటా వెనక్కివ్వడం అంటే ఏమిటో రాయాలి. మా గట్టు లోపల ముప్ఫై ఇళ్లు. ఒక్కో మ్యాగజైన్లో ముప్ఫై తూటాలు. ఒక్కో ఇల్లూ తన తూటాని తన చేత్తో పెడుతుంది, అడుగున ఆ ఇంటి గుర్తు గీసి ఉంటుంది. తూటా లేని ఇల్లు ఇల్లు కాదు. దానికి బావి నీళ్లు లేవు, గింజలు లేవు, గట్టు అవతల ఉప్పునేలలోకి పోవాలి. నాంచారు ఇంట్లో ఉన్నది తనూ, రెండు కళ్లూ కనబడని అత్త బంగారమ్మా. ఆవిడ ఉప్పునేలలో ఎన్నాళ్లు బతుకుతుందో లెక్కవేయడానికి పంపుసెట్టు మాన్యువల్ అక్కర్లేదు.

నూట ఆరో రోజు

శేషఫణి ఆకురాయి పట్టుకుని వచ్చాడు. మ్యాగజైన్ మూతి పెదాలు ఇరుగ్గా ఉన్నాయట, కాస్త అరగదీస్తే సుఖంగా ఎక్కుతుందట. వద్దు బాబూ, తూటాల్ని పట్టి ఉంచేవి ఆ పెదాలే అన్నాను. "నీకు థియరీ తెలీదు గరటయ్యా," అన్నాడు. తెలీదు, నిజమే. ఒకదాన్ని అరగదీశాడు. నాలుగు తూటాలు పెట్టి చూశాడు. నాలుగూ కప్పపిల్లల్లా ఎగిరి బయటపడ్డాయి, ఒకటి ఆయన ముక్కుకి తగిలింది.

ఇక మిగిలినవి రెండు మ్యాగజైన్లు. ముక్కుకి పసుపు రాసుకుని వెళ్లాడు. వెళుతూ, ప్రయోగం సగం ఫలించింది అన్నాడు.

నూట ఏడో రోజు

పొద్దున్నే తలుపు వేసుకుని కూర్చున్నాను. పాత ఖాళీ గుల్లలకి చెక్క ముక్కులు బిగించి చేసుకున్న ఉత్తుత్తి తూటాలు నా దగ్గర నలభై ఉన్నాయి, మ్యాగజైన్లని పరీక్షించడానికి. రైఫిల్ బోల్టు మూసి, ఖాళీ మ్యాగజైన్ తోశాను. టక్. అయిదు పెట్టి తోశాను. టక్. పది, ఇరవై, పాతిక. టక్, టక్, టక్. కిందికి గట్టిగా లాగి చూశాను, ఊడలేదు. ఇరవై ఎనిమిది. టక్. ఇరవై తొమ్మిది. కొంచెం బిర్రు, అయినా టక్.

ముప్ఫై. తోస్తే పోదు. కొడితే పోయినట్టే ఉంటుంది, టక్ కూడా అంటుంది, కానీ అది దొంగ టక్. పట్టి లాగితే చేతిలోకి వచ్చేస్తుంది. రెండో మ్యాగజైన్‌తో మళ్లీ మొదటినుంచి చేశాను. అదే వరస.

చివరికి పైతూటా మీద బొటనవేలు పెట్టి నొక్కి చూశాను. ఇరవై తొమ్మిది ఉన్నప్పుడు అది కందిగింజంత కిందికి దిగుతుంది. ముప్ఫై ఉన్నప్పుడు ఈగ కాలంత కూడా దిగదు. లోపల స్ప్రింగు పూర్తిగా నొక్కుకుపోయి గోడలా నిలబడింది. మ్యాగజైన్ కొక్కెం పట్టాలంటే పైతూటా మూసిన బోల్టుకి తగిలి కాస్త లోపలికి తగ్గాలి. తగ్గడానికి చోటేదీ? బోల్టు వెనక్కి లాగి పట్టుకుంటే ముప్ఫై కూడా హాయిగా ఎక్కుతోంది, అప్పుడు పైన అడ్డు లేదు కనుక. కానీ ఆ బోల్టుని వెనక నిలబెట్టే ముక్క మా పుట్టుకకి ముందే విరిగింది. కాబట్టి ఒక చెయ్యి బోల్టుకి, ఒక చెయ్యి మ్యాగజైన్‌కి, ఒక చెయ్యి రైఫిల్ పట్టుకోవడానికి. నాంచారుకి రెండే ఉన్నాయి.

ఒక్క తూటా తగ్గిస్తే సరిపోతుంది. నలభై ఏళ్లుగా ఈ మహానుభావులు గోడకి తల కొట్టుకుంటూ ఉన్నారు. మధ్యలో ఎప్పుడైనా కొట్టిన దెబ్బకి ఎక్కితే మనిషి గొప్ప, ఎక్కకపోతే మనిషి చెడ్డ.

నూట ఎనిమిదో రోజు

ముందు నాంచారుకి చెప్పాను. గట్టుమీద కూర్చుని సజ్జరొట్టె తింటోంది.

"ఒక తూటా తీసేస్తే ఎక్కుతుందమ్మాయ్."

"ఎవరిది?"

"ఎవరిదైనా ఫరవాలేదు. తూటాలన్నీ ఒకటే."

"నీకు ఒకటే. ఏ ఇంటిది తీసి పక్కన పెట్టి, మిగతావాళ్లకి మాత్రం కాపలా కాయమంటావ్ బాబాయ్?"

"పోనీ మీదే తియ్యి."

"మా అత్త తన చేత్తో తడుముకుంటూ పెట్టిన తూటా. తీశానని తెలిస్తే ఏడుస్తుంది."

"ఉప్పునేలలో కూర్చోబెడితే నవ్వుతుందా?"

రొట్టె నమలడం ఆపింది. "నువ్వు అన్నిటికీ ఒక మాట పుట్టిస్తావ్. మా ఆయన పోయినప్పుడు ముప్ఫై ఇళ్లవాళ్లూ వచ్చి మా కప్పు నేశారు. ఒక్క ఇల్లు కూడా రాకుండా లేదు. నేను తీయను."

ముప్ఫైలో ఇరవై తొమ్మిది ఇళ్లు చూస్తూ నిలబడితే నేసింది నేనొక్కణ్ణే. చెప్పలేదు. నమ్మకం ఉన్న మనిషికి ఆ మాత్రం నీడ ఉండనివ్వాలి.

తర్వాత కమిటీకి చెప్పాను. మంచి వినోదం. ఒక తూటా తగ్గించడానికి అందరూ ఒప్పుకున్నారు. ఏ ఇంటిదన్న దగ్గర వచ్చింది. పదో ఇంటివాళ్లు పదకొండో ఇంటివాళ్లది తీయమన్నారు. పదకొండోవాళ్లు పదోవాళ్ల తాత ఎక్కడినుంచి వచ్చాడో గుర్తుచేశారు. నెలకొక ఇంటిది చొప్పున తీద్దాం అన్నాను.

"ఆ నెలంతా ఆ ఇంట్లోవాళ్లు మనుషులా కాదా?" అని అడిగారు ప్రెసిడెంటు గారు.

"తక్కిన నెలల్లో మాత్రం మనుషులా అండీ," అన్నాను.

"మ్యాగజైన్నే కాస్త సాగదీయించకూడదూ," అన్నాడొక పెద్దమనిషి. ఆయన కోడలు నవ్వు ఆపుకోవడానికి కొంగు నోట్లో పెట్టుకుంది.

నేను చెప్పింది అబద్ధమని తేల్చారు. ఇందులో నా తప్పు కొంత ఉంది. ప్రెసిడెంటు గారి శంఖంలో కప్పని పెట్టింది నేనే. ఏట్లో పాతకాలపు సారాపీపాలు కొట్టుకొచ్చాయని చెప్పి కమిటీ మొత్తాన్ని మోకాలి లోతు బురదలో దేవులాడించింది నేనే. వాళ్లు అంత శ్రద్ధగా పనిచేయడం ఆ ఒక్క పూటే చూశాను. అయినా అబద్ధాలకి అంత త్వరగా పరిగెత్తిన కాళ్లు నిజానికి ఒక్క అడుగు వేయకపోవడం వింత.

నూట తొమ్మిదో రోజు

తూటాలు పెట్టే రోజు. నెలకోసారి మ్యాగజైన్లు ఖాళీచేసి మళ్లీ నింపుతారు. ఇంటికొకరు స్నానం చేసి వచ్చి వరసగా నిలబడతారు. మొదట పెట్టింది అడుక్కి పోతుంది, చివర పెట్టింది పైకి వస్తుంది, మొదట పేలుతుంది. అందుకని చివరి తూటా ప్రెసిడెంటు గారిది. ముప్ఫయ్యోది లోపలికి పోవడానికి ఆయన పడే పాట్లు చూడాలి. మెడ నరాలు ఉబ్బి, బొటనవేలు ఎర్రబడి, చివరికి కింది పెదవి కూడా సాయం చేస్తుంది. తూటా దిగగానే అందరూ చప్పట్లు కొడతారు.

చప్పట్లు ఆగేలోపు అడిగాను. "బాబుగారూ, నాంచారు మణికట్టు బలహీనం అన్నారు కదా. తమ మణికట్టుతో ఒక్కసారి ఎక్కించి చూపిస్తే పిల్ల నేర్చుకుంటుంది."

అందరూ చూస్తున్నారు. కాదనలేరు. రైఫిల్ తీసుకున్నారు, మ్యాగజైన్ పెట్టి కింద నుంచి గుద్దారు. టక్. "ఇంతేగా," అని రైఫిల్ని ఒక్క చేత్తో పైకెత్తారు. మ్యాగజైన్ జారి ఆయన కుడికాలి బొటనవేలి మీద నిలువుగా దిగింది.

నిజం ఇంతకన్నా సూటిగా ఎలా చెప్పాలో నాకు తెలీదు. కానీ ఆయన గోరు పట్టుకుని అరిచిన మాట ఒకటే: "గరటయ్య నూనె పూశాడు." అందరూ నావైపు చూసి నవ్వారు. శేషఫణి మ్యాగజైన్ వాసన చూసి, ఆముదం అన్నాడు. నాంచారు కూడా నన్ను అడిగింది, "పూశావా బాబాయ్?" అని.

ఊరిమీద కోపం రావడం నాకు అలవాటే. ఇవాళ్టిది కోపం కాదు. వీళ్ల కాలిమీద వీళ్ల తెలివితక్కువతనమే పడితే, దాన్ని కూడా ఎవరో విసిరారు అనుకుంటారు.

నూట పదకొండో రోజు

రేపు పరీక్ష. మ్యాగజైన్లు నా గదిలోనే ఉంటాయి. మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తున్నప్పుడు ఒక్కొక్క తూటా పైనుంచి తీశాను. ప్రెసిడెంటు గారిది, శేషఫణిది, అలా ఏడు తీశాక ఇరవై మూడోది వచ్చింది. అడుగున గరిటె గుర్తు. నాది. నా ఇంట్లో నేనొక్కణ్ణే కనుక ఎవరినీ అడగనక్కర్లేదు, ఎవరూ ఏడవరు. దాన్ని జేబులో వేసుకుని మిగతా ఏడూ వరస తప్పకుండా మళ్లీ పెట్టాను. రెండో మ్యాగజైన్‌కి కూడా అంతే.

పైతూటా నొక్కి చూశాను. కందిగింజంత దిగింది. నేను లేకపోవడం వల్ల ఊరికి కలిగిన మొదటి లాభం.

నూట పన్నెండో రోజు

నాంచారు పదిసార్లు ఎక్కించింది. పదిసార్లూ టక్. శేషఫణి వేలాడి లాగాడు, ఊడలేదు. బంగారమ్మని ఒక మూల కూర్చోబెట్టారు. ప్రతి టక్‌కీ ఆవిడ తల ఊపింది, పాట వింటున్నట్టు.

పదోసారి అయ్యాక ప్రెసిడెంటు గారు కట్టు కట్టిన కాలు ముందుకి చాపి, "నా రక్తం తగిలాక దారికొచ్చింది," అన్నారు. చప్పట్లు. శేషఫణి తన ఆకురాయి ప్రభావం పక్క మ్యాగజైన్లకి కూడా సోకి ఉంటుందన్నాడు. దానికీ చప్పట్లు.

నాంచారు మ్యాగజైన్ నా చేతికిచ్చేటప్పుడు మెల్లగా అడిగింది. "ఏం చేశావ్?"

"ఆముదం తుడిచేశాను," అన్నాను.

నూట పద్దెనిమిదో రోజు

కోతమారి వచ్చింది. మిట్టమధ్యాహ్నం, ఎండ మాడిపోతుండగా. నేను గట్టుకి ఇవతల, చేను దగ్గర ఉన్నాను. నాంచారు ఒంటిమోకాలి మీద కూర్చుంది. సంచిలోంచి మ్యాగజైన్ తీసింది, తోసింది. టక్. ఇంత దూరానికి వినబడకూడదు గానీ నాకు వినబడింది.

తర్వాత ఆగలేదు. ఒకే చోట, ఒకే చోట, ఒకే చోట. నేను వేళ్లు ముడుస్తూ కూర్చున్నాను. ఇరవై ఆరోదానికి గాజు తెల్లబడింది. ఇరవై ఎనిమిదోదానికి పగిలింది. ఇరవై తొమ్మిదోది లోపలికి పోయింది. కోతమారి రెండడుగులు పక్కకి వేసి, గట్టుకి అవతల ఒరిగి, ఒక కాలు గాల్లో కాసేపు తన్నుకుని ఆగింది. రెండేళ్ల తర్వాత ఒకటి చావడం ఇదే.

ఊరంతా గట్టెక్కింది. ఎవరో డప్పు తెచ్చారు. నాంచారుని ఎత్తుకోబోయారు గానీ తను ఒప్పుకోలేదు, కూర్చుని భుజం రాసుకుంటోంది.

అక్కడ ఆగి ఉంటే బాగుండేది. కానీ కోతమారి చచ్చిన రోజున పేలిన గుల్లలన్నీ ఏరి, గుర్తు చూసి, ఏ ఇంటిది ఆ ఇంటికి పసుపు రాసి ఇవ్వాలి. రెండేళ్లుగా ఆ అవసరం రాలేదు కనుక నేను ఆ సంగతే మర్చిపోయాను. తెలివైనవాణ్ణి అనుకుంటాను గదా, అదీ నా తెలివి.

ఇరవై తొమ్మిది దొరికాయి. ముప్ఫయ్యోది లేదు. ఇరవై మూడో ఇంటిది.

"వెతకండి," అన్నారు ప్రెసిడెంటు గారు.

ముప్ఫై ఇళ్లవాళ్లు గట్టుమీద బోర్లాపడి వెతికారు. బురద జల్లెడ పట్టారు. శేషఫణి గుల్ల ఎంత దూరం ఎగరగలదో లెక్క కట్టి అందరినీ ఏట్లోకి దింపాడు. నా గుల్ల కోసం నేనూ కాసేపు వెతికాను, మర్యాదకి. ఎండ వాలేదాకా ఇదే పని. ఎదురుగా ఏనుగంత కోతమారి చచ్చిపడి ఉంది, దాన్నెవరూ చూడలేదు.

చివరికి ప్రెసిడెంటు గారు నాంచారు ముందుకి వచ్చి నిలబడ్డారు. "ఒక ఇంటి తూటాని పోగొట్టావు. నీకు తెలుసుగా దానికి శిక్ష."

నాంచారు లేచి నిలబడింది. "నేను పోగొట్టలేదు పెదనాన్నా. పేలినవన్నీ ఇక్కడే పడ్డాయి."

"అయితే అది ఎటు పోయింది?"

తనకి తెలుసు. నావైపు ఒక్కసారి చూసి, వెంటనే చూపు దించేసింది. అప్పటికి అర్థమైంది, ఈ అమ్మాయి చెప్పదని. అత్తని చెయ్యి పట్టుకుని ఉప్పునేలలోకి నడిపించుకుపోతుంది గానీ చెప్పదు.

జేబులోంచి తూటా తీశాను. "ఇదిగో బాబుగారూ. పేలలేదు. అసలు అందులో పెట్టలేదు. రెండోదాంట్లోది ఇంట్లో ఉంది."

డప్పు ఆగింది.

"ఎందుకు తీశావు?"

"ఎక్కడానికి. చెబితే వినలేదుగా. ముప్ఫై ఉంటే ఎక్కదు. ఇవాళ మీ అందరికీ చేను మిగిలింది ఇది నా జేబులో ఉన్నందుకే."

ఒక క్షణం అందరూ ఆలోచిస్తున్నారేమో అనుకున్నాను. ఆలోచించడం కాదు, ఊపిరి పీల్చుకుంటున్నారు.

"తన ఇంటిని తనే ఊళ్లోంచి తీసేసుకున్నాడు," అన్నారు ప్రెసిడెంటు గారు. "మనం చేయాల్సిందేమీ లేదు."

నూట పందొమ్మిదో రోజు

గట్టు దాటించారు. ఒక చాప, ఒక కుండ, ఒక పటకారు ఇచ్చారు. ఈ పుస్తకం కూడా చంకలో పెట్టుకున్నాను. గుమస్తా చూశాడు, ఇవాళ్టి పుట ఖాళీగా ఉందని సంతకం పెట్టకుండా వెళ్లిపోయాడు.

నూట ఇరవై అయిదో రోజు

చచ్చిన కోతమారి పొట్టలో కాపురం ఉంటున్నాను. నీడ బాగుంది. ఎక్కడ కోసుకొచ్చిందో గానీ లోపల మూడు బస్తాల కొర్రలున్నాయి. వెన్నుమీద పలకల్లో రాత్రి మంచు దిగి పొద్దున్నకి కుండెడు నీళ్లవుతాయి. ఉప్పునేలలో చస్తానని పంపారు, నిన్న అరగలేదని ఒక పూట మానేశాను.

గట్టు లోపల తూటాలు పెట్టే రోజు ముందుకి జరిపారట. ఇప్పుడు ఇళ్లు ఇరవై తొమ్మిది. ఇంటికొకటి, ఇరవై తొమ్మిది తూటాలు. గట్టుమీద కొత్తవాళ్లకి నేర్పిస్తున్నట్టున్నారు, పొద్దున్నుంచీ వినబడుతోంది. టక్. టక్. టక్. ఎవరు తోసినా టక్.

మధ్యాహ్నం ప్రెసిడెంటు గారు గట్టెక్కి అందరికీ చెబుతుంటే ఇక్కడికి వినబడింది. ఇన్నేళ్లూ మ్యాగజైన్ ఊడిపోవడానికి కారణం తెలిసిందట. గరటయ్య ఇంటి తూటాయే ఆ దోషమట. అది పోయింది, పీడ వదిలింది.

పొట్ట చేత్తో పట్టుకుని నవ్వాను. లోపల ఇనుమంతా మోగింది. గట్టుమీదవాళ్లు కోతమారి మళ్లీ లేచిందనుకుని పరిగెత్తారు.

నూట నలభయ్యో రోజు

నవ్వు అయిపోయింది. ప్రెసిడెంటు గారి అల్లుడు భార్యతో వేరుకాపురం పెట్టి నా ఇంట్లో దిగాడు. ఇళ్లు మళ్లీ ముప్ఫై. అల్లుడి ముచ్చట తీర్చడానికి మామగారు చివరి తూటా గౌరవం కూడా అతనికే ఇచ్చారు. ఇవాళ పెట్టారు. చప్పట్లు వినబడ్డాయి.

ఆ తర్వాత గట్టుమీద ఎవరో తోస్తున్నారు. టక్ లేదు. కొడుతున్నారు. కొట్టగా కొట్టగా ఒక టక్ వచ్చింది. దొంగ టక్. నాకు తెలియదా.

నూట నలభై ఒకటో రోజు

నాంచారు కాపలాకి వచ్చింది. గట్టు అంచున కూర్చుని కాళ్లు ఇవతలికి వేలాడదీసింది. బయటివాడితో మాట్లాడకూడదు కనుక సముద్రంతో మాట్లాడింది.

"కొత్త ముప్ఫయ్యోది బాగా బిర్రుగా ఉంది."

"పైదే కదా," అన్నాను నేను ఆకాశంతో. "బొటనవేలితో ముందుకి తోస్తే వచ్చేస్తుంది."

చెయ్యి నడుముసంచిలోకి పోయింది. తర్వాత, "వాళ్లు నీ ఇంటి గుమ్మం ఎత్తు చాలలేదని పగలగొట్టారు బాబాయ్," అంది.

"అల్లుడుగారు పొడుగా?"

"తలపాగా పొడుగు."

ఆపైన నా పక్కన ఇసకలో ఏదో పడింది. తూటా. అడుగున గుర్రం గుర్తు, అల్లుడిది. ఊళ్లో గుర్రాన్ని చూసినవాడు ఒక్కడు లేడు.

"గుల్లలు ఏరినప్పుడు లెక్క తగ్గుతుంది," అంది సముద్రంతో. "ఈసారి నాకోసం ఒప్పుకునేవాడెవడూ లేడు."

"నీకు కావాల్సింది గుల్లే కదా. ఉండు," అన్నాను.

పటకారుతో మెల్లగా తిప్పి సీసం ముక్కు ఊడదీశాను. మందు ఇసకలో పారబోశాను. గుల్లని రాతిమీద కొట్టి ఒక మూల నొక్కు పెట్టాను, పొయ్యి మసి లోపలికి పూశాను, పేలినదానికీ దీనికీ శేషఫణి తేడా చెప్పగలిగితే నేను గట్టు లోపలికి పాకుతూ వెళతాను. పైకి విసిరాను. పట్టుకుంది. చూసుకుంది. నడుం గుడ్డలో దోపుకుంది. కాపలాకి వచ్చాక మొదటిసారి నవ్వింది అనుకుంటా, ఎండ కళ్లలో పడి సరిగ్గా కనబడలేదు.

ముందే ఈ బుద్ధి పుట్టి ఉంటే నా ఇల్లు నాకుండేది. పుట్టలేదు. ఇక్కడ తిండి మంచిది, కమిటీ లేదు. అయినా పొద్దున్నే ఒక్కోసారి తెలియకుండా మ్యాగజైన్ల కోసం చేతులు వెతుకుతాయి.

నూట యాభై రెండో రోజు

కోతమారి వచ్చింది. నా మీదుగానే దాటి వెళ్లింది, తన జాతి శవాన్ని కూడా చూడకుండా. గట్టుమీద నాంచారు మోకాలిమీద కూర్చుంది. మ్యాగజైన్ తోసింది. ఒక్క తోపు.

టక్.

ఇరవై తొమ్మిది పేలాయి. అది ఏటి వైపు కూలింది.

గుల్లలు ఏరారు. ముప్ఫై దొరికాయి. పసుపు రాశారు. ప్రెసిడెంటు గారు గుర్రం గుర్తున్న నొక్కుగుల్లని అందరికీ ఎత్తి చూపిస్తుంటే ఇక్కడినుంచి కనబడింది. అన్నిటికన్నా గట్టిగా తగిలింది మా అల్లుడిదే, చూడండి ఎలా నొక్కుపడిందో, కన్ను పగలగొట్టింది ఇదే అన్నారు. శేషఫణి పరీక్షగా చూసి నిజమే అన్నాడు. చాలాసేపు చప్పట్లు.

ఆ కన్ను పగలగొట్టిన సీసం ముక్కని నేను గాలానికి బరువుగా కట్టాను. ఇవాళ ఏట్లో రెండు కొయ్యంగ చేపలు పడ్డాయి. ఒకటి కాల్చుకున్నాను. రెండోది ఆకులో చుట్టి గట్టుమీద పెట్టాను, బంగారమ్మకి చేపలంటే ఇష్టం.